జ్వరంతో వచ్చిన పెద్దవాళ్ళకు తొలి రాత్రి నిర్ణయాలు: డ్యూటీ డాక్టర్లకు సమగ్ర మార్గదర్శి

సెప్టెంబరులో ఒక శుక్రవారం రాత్రి పది దాటాక ఆమె క్యాజువాలిటీకి వచ్చింది. 48 ఏళ్ళు, పత్తి చేలో కలుపు తీసే కూలి. ఆరు రోజులుగా జ్వరం. కొడుకు చేతిలో పాలిథీన్ కవరు, అందులో సగం వాడిన మాత్రల స్ట్రిప్పులు, రెండు ల్యాబ్ కాగితాలు. ఒకదాని మీద "వైడాల్ పాజిటివ్", అది టైఫాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష. రెండోదాని మీద "ప్లేట్‌లెట్లు 62,000". వస్తూనే అతను అడిగింది ఒక్కటే: "సార్, డెంగేనా? ప్లేట్‌లెట్లు ఎక్కియ్యాల్నా?"

వానాకాలంలో జనరల్ మెడిసిన్ డ్యూటీ చేసినవాళ్ళందరికీ ఈ ప్రశ్న పరిచయమే. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్ మన తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ఒకే కాలంలో తిరుగుతాయి. తొలి రోజుల్లో అన్నీ ఒకేలా ఉంటాయి: జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, వాంతులు, తగ్గిన ప్లేట్‌లెట్లు, కాస్త పెరిగిన లివర్ ఎంజైములు. రిపోర్టులకు ఒక రోజు పట్టొచ్చు, మూడు రోజులు పట్టొచ్చు. నిర్ణయం మాత్రం ఈ రాత్రే తీసుకోవాలి.

ఆ నిర్ణయం ఏ వరసలో తీసుకోవాలో ఆమె కేసునే పట్టుకుని చెబుతాను. ఇది హౌస్ సర్జన్ల కోసం, పీజీల కోసం, చిన్న ఆసుపత్రుల్లో ఒంటరిగా రాత్రి డ్యూటీ చేసే డాక్టర్ల కోసం. ఇందులోని డోసులు చూసి ఇంట్లో ఎవరూ సొంతంగా మందులు వేసుకోవద్దు.

1. జబ్బు పేరు తర్వాత, ముందు మనిషి ఎలా ఉందో చూడండి

"ఏం జ్వరం?" అన్న ప్రశ్నను అయిదు నిమిషాలు పక్కన పెట్టండి. ఈ మనిషికి ఈ గంటలో ప్రమాదం ఉందా లేదా అన్నది ముందు తేలాలి. పల్స్, బీపీ, శ్వాస, శాచురేషన్, ఉష్ణోగ్రత, స్పృహ, వేలి చివర చుక్కతో షుగర్. చేతులూ కాళ్ళూ పట్టుకుని చల్లగా ఉన్నాయేమో చూడండి. మూత్రం చివరిసారి ఎప్పుడు పోశారో అడగండి.

శ్వాసను గడియారం చూస్తూ నిమిషం పాటు మీరే లెక్కపెట్టాలి. కేస్ షీట్లలో లెక్కపెట్టకుండా 18 అనో 20 అనో రాసేసే అంకె ఇదే. కానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నా, రక్తంలో ఆమ్లం పెరుగుతున్నా, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం) మొదలవుతున్నా చాలాసార్లు ముందు పెరిగేదీ ఇదే. ఆమెకు ఉష్ణోగ్రత 102.4, పల్స్ 118, బీపీ 104/70, శాచురేషన్ 93. శ్వాస 28. "ఆయాసముందా అమ్మా?" అంటే లేదంది. నీరసమని మాత్రమే చెప్పింది.

శ్వాస 22 లేదా అంతకు మించడం, పై బీపీ 100 లేదా అంతకన్నా తక్కువ ఉండటం, స్పృహలో తేడా. ఈ మూడింట్లో రెండు కనిపిస్తే క్యూసోఫా అనే సెప్సిస్ స్కోరు ప్రకారం ప్రమాదం. ఆమెకు ఒకటే ఉంది. అయినా ఊరట పడకూడదు. క్యూసోఫా ఒక్కదాన్నే పట్టుకుని సెప్సిస్‌ను జల్లెడ పట్టొద్దని 2021 నాటి అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. స్కోరు తక్కువైనా మనిషి బాగాలేదనిపిస్తే ఆ అనుమానాన్ని నమ్మండి.

షాక్ ఉంటే ఈ వ్యాసం వరస మారుతుంది. లైను, బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష), గంటలోపు యాంటీబయాటిక్, సెలైన్, అవసరమైతే బీపీ నిలబెట్టే నార్అడ్రినలిన్. మిగతా ఆలోచన ఆ తర్వాత. షాక్ లేకుండా సెప్సిస్ అనుమానం మాత్రమే ఉంటే మూడు గంటల సమయం ఉంది. ఆ సమయాన్ని కథ అడగడానికి, ఒళ్ళు చూడటానికి, పరీక్షలకు వాడుకోవాలి.

2. జ్వరం ఎన్నో రోజో పట్టుకోండి

ఒక్క ప్రశ్నే అడిగే వీలుంటే నేను అడిగేది ఇదే. "ఎన్ని రోజుల్నుంచి?" అంటే "నాలుగైదు రోజులు" అంటారు. ఆ నాలుగుకీ అయిదుకీ మధ్యే డెంగీ మలుపు తిరుగుతుంది. అందుకని వాళ్ళకు గుర్తుండే రోజుకు కట్టి అడగాలి. అంగడి రోజు, పండగ, కూలి డబ్బులిచ్చిన రోజు, పెళ్ళి. ఆమెను అలాగే అడిగాం. "ఐతారం అంగడికి పోయిన సార్, ఇంటికచ్చినంక సలి పెట్టింది" అంది. ఆదివారం సాయంత్రం ఒకటో రోజు, శుక్రవారం ఆరో రోజు. కేస్ షీట్ పైన పెద్ద అక్షరాలతో "6వ రోజు" అని రాశాం.

ఆ ఒక్క అంకెతో చాలా తేలుతుంది. డెంగీలో జ్వరం సాధారణంగా రెండు నుంచి ఏడు రోజులుంటుంది. రక్తనాళాల నుంచి ప్లాస్మా కారే ప్రమాద దశ జ్వరం తగ్గే వేళ, మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య మొదలై 24 నుంచి 48 గంటలుంటుంది. అంటే "జ్వరం తగ్గింది, ఇంటికి పోతాం" అని వాళ్ళు సంతోషంగా అడిగే రోజే డెంగీలో అన్నిటికంటే ప్రమాదమైన రోజు. ఆ రోజు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తు లేదా చికాకు, కాలేయం పెరగడం, పొట్టలో ఊపిరితిత్తుల చుట్టూ నీరు, ప్లేట్‌లెట్లు పడిపోతూ హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరగడం, వీటిలో ఏది కనిపించినా పంపకూడదు.

టైఫాయిడ్ మెల్లగా మెట్లెక్కుతూ వస్తుంది, వారం దాటాక బాగా ముదురుతుంది. స్క్రబ్ టైఫస్ మొదటి వారం మామూలు జ్వరంలా ఉండి, రెండో వారంలోకి అడుగుపెడుతూ ఊపిరితిత్తుల మీద, కిడ్నీల మీద, మెదడు మీద పడుతుంది. రెండు వారాలు దాటిన జ్వరమైతే ఆలోచనే వేరు: క్షయ, ఎండోకార్డైటిస్ (గుండె లోపలి ఇన్ఫెక్షన్), లోపల చీము గడ్డ, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్).

3. కవరు కుమ్మరించి చూడండి, ఆ తర్వాత కథ అడగండి

ఆ పాలిథీన్ కవరు చాలామంది తెరవరు. బల్ల మీద కుమ్మరించండి. అందులో పారాసిటమాల్ ఉంది, డైక్లోఫెనాక్ ఉంది, పేరు రాయని కాగితప్పొట్లంలో చిన్న తెల్ల మాత్రలున్నాయి. ఊళ్ళో ఆర్ఎంపీ మూడు రోజులు మోనోసెఫ్ ఇంజెక్షన్ ఇచ్చాడని కొడుకు చెప్పాడు. అంటే సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్. ఇలాంటి తెల్ల మాత్రలు చాలాసార్లు స్టెరాయిడ్ అయ్యుంటాయి. స్టెరాయిడ్ పడితే జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, తెల్లకణాలు పెరుగుతాయి, షుగర్ పెరుగుతుంది, కడుపు నొప్పి మరుగున పడుతుంది. మూడు రోజుల సెఫ్ట్రయాక్సోన్ పడ్డాక బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. మీ పరీక్షల అర్థాన్ని ముందే మార్చేసిన మందులివి. ఆర్ఎంపీని తిడితే కొడుకు తర్వాతి మాట దాచుకుంటాడు. తిట్టకండి, అన్నీ చెప్పనివ్వండి.

తర్వాత ఎక్కడ తిరిగారో అడగండి. చేనుగట్లు, పొదలు, గడ్డి కోత, ఆరుబయట మలవిసర్జన అంటే స్క్రబ్ టైఫస్ గుర్తుకు రావాలి. చిగర్ అనే పిల్ల పురుగు కుట్టడంతో ఇది వస్తుంది, ఆ కుట్టు నొప్పిగా ఉండదు కాబట్టి "పురుగు కుట్టిందా?" అని అడిగితే లేదనే అంటారు. వరి మడి, వరద నీరు, పశువుల కొట్టం, ఎలుకలు అంటే లెప్టోస్పైరోసిస్. పాడేరు, భద్రాచలం వైపు ఏజెన్సీ ఊళ్ళు, ఆఫ్రికా నుంచి ఈమధ్యే తిరిగి రావడం అంటే మలేరియా. డయాబెటిస్ ఉండి వరి పొలంలో పనిచేసే మనిషికి న్యుమోనియాతో పాటు కాలేయంలోనో ప్లీహంలోనో గడ్డలుంటే మెలియాయిడోసిస్ అనే మట్టి బ్యాక్టీరియా జబ్బు, దానికి మందులే వేరు. ఆడవాళ్ళనైతే నెలసరి గురించి, గర్భం గురించి తప్పకుండా అడగాలి. మందుల ఎంపిక దాని మీద ఆధారపడి ఉంటుంది.

4. ఒళ్ళంతా చూడాలంటే నిజంగా ఒళ్ళంతా

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఆమె రెండు చేతులూ, మెడ, పొట్ట పైభాగం, కాళ్ళు చూశాను. కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి. కాలేయం రెండు వేళ్ళంత తగిలింది. ఊపిరితిత్తుల అడుగున గరగరలు. "ఎస్కార్ లేదు", అంటే చిగర్ కుట్టిన చోట పడే మచ్చ లేదని, కేస్ షీట్లో రాశాను. గంట తర్వాత స్టాఫ్ నర్స్ ఆమెకు ఆసుపత్రి గౌను తొడుగుతూ పిలిచింది. నడుము కుడి పక్కన, లంగా బొందు కట్టుకునే చోట, ముడి ఒరుసుకుపోయే ఆ నల్లటి చారలో ఒక మచ్చ. అర సెంటీమీటరు, మధ్యలో సిగరెట్ కాలినట్టు నల్లటి పొక్కు, చుట్టూ సన్నటి ఎరుపు. నొక్కితే నొప్పి లేదు. ఆమెకు అది ఉన్నట్టే తెలియదు. గజ్జల్లో ఆ వైపు బిళ్ళ కట్టి ఉంది.

అది స్క్రబ్ టైఫస్ ఎస్కార్. చిగర్ ఒంటి మీద పాకుతూ బట్ట బిగుసుకున్న చోట ఆగి కుడుతుంది. అందుకే చూడాల్సిన చోట్లు ఇవి: చంకలు, రొమ్ముల కింద, నడుము చుట్టూ, బొడ్డు, గజ్జలు, మర్మాంగాల దగ్గర, పిరుదుల మధ్య, మోకాలి వెనక, చెవి వెనక, జుట్టులో. నల్లని చర్మం మీద ఎరుపు కనిపించదు, టార్చి పక్క నుంచి వేసి చూడాలి. స్త్రీ రోగిని తెర చాటున, నర్స్ తోడుండగా, ఎందుకు చూస్తున్నామో చెప్పి చూడాలి. తీరిక లేదనో సంకోచంతోనో వదిలేసిన అయిదు నిమిషాలకు ఆ రాత్రి ఆమెకు మందు గంట ఆలస్యమైంది. అప్పట్నుంచి చూడని చోటును "చూడలేదు" అనే రాస్తున్నాను. చూడకుండా "లేదు" అని రాస్తే పొద్దున వచ్చే డాక్టరు అది నమ్మి మళ్ళీ చూడడు.

ఎస్కార్ అందరిలో ఉండదు, లేనంత మాత్రాన స్క్రబ్ టైఫస్ కాదని కొట్టెయ్యకూడదు. ఉంటే మాత్రం మన దగ్గర అదొక్కటే చాలు, మందు మొదలుపెట్టెయ్యొచ్చు.

మిగతా గుర్తులు త్వరగా చెప్పేస్తాను. పిక్కలు పట్టుకుంటే కేక వేసేంత నొప్పి, కళ్ళు ఎర్రబడినా పుసి లేకపోవడం, కామెర్లు, మూత్రం తగ్గడం కలిస్తే లెప్టోస్పైరోసిస్. మెడ బిగుసుకుపోతే మెనింజైటిస్. గుండెలో కొత్త మర్మర్ ఉంటే ఎండోకార్డైటిస్. కుడి పక్కటెముకల మధ్య వేలితో నొక్కితే నొప్పి ఉంటే లివర్ గడ్డ. నడుము పక్కన నొప్పి ఉంటే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళలో, కిడ్నీ ఇన్ఫెక్షన్. ముసలివాళ్ళు జ్వరమే లేకుండా కేవలం మత్తుగా, అన్నం తినకుండా వచ్చినా సెప్సిస్ కావచ్చు.

5. మూడు ప్రశ్నలతో జాబితా రాయండి

"జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ, కనుక డెంగీ" అనే తొందర వానాకాలంలో మనందరినీ పట్టుకుంటుంది. పొద్దుటి నుంచి పది డెంగీలు చూసిన మనసుకు పదకొండోది కూడా డెంగీలాగే కనిపిస్తుంది. దీని నుంచి బయటపడటానికి నేను వాడే ఉపాయం కేస్ షీట్లో మూడు వాక్యాలు రాయడం: ఎక్కువ అవకాశం దేనికి? త్వరగా ప్రాణం తీసేది ఏది? తేలిక మందుతో నయమయ్యేది, వదిలేస్తే చేజారేది ఏది?

ఆమె విషయంలో ఆరో రోజున కూడా 102 జ్వరం ఉంది, తెల్లకణాలు 11,800. డెంగీలో తెల్లకణాలు తగ్గడం మామూలు, ఆరో రోజుకు జ్వరం దిగుతుండాలి. హెమటోక్రిట్ 34, పెరిగిన జాడ లేదు, పల్స్ ప్రెషర్ (పై, కింది బీపీల తేడా) 34 ఉంది. పైగా శ్వాస 28, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6, ఎక్స్‌రేలో రెండు పక్కలా మసక. డెంగీ కాదని రుజువు కాలేదు కానీ కథ దానికి అతకడం లేదు. టైఫాయిడ్‌కు శ్వాస ఇంత పెరగడం అరుదు. స్క్రబ్ టైఫస్ మూడు ప్రశ్నలకూ జవాబుగా నిలబడింది. ఎస్కార్ దొరకక ముందే అది జాబితాలో మొదట ఉండాల్సింది. మలేరియాను, బ్యాక్టీరియా న్యుమోనియాను మాత్రం ఇంకా కొట్టెయ్యలేం.

మీరు అనుకున్న జబ్బుకు అతకని విషయం ఒక్కటైనా వెతికి రాయడం అలవాటు చేసుకోండి. అతికేవి ఎప్పుడూ దొరుకుతాయి.

6. పరీక్ష రాసే ముందు రోజు చూసుకోండి

డెంగీ వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి అయిదు రోజుల్లో పనికొస్తుంది. ఆరో రోజు నెగెటివ్ వస్తే దానికి పెద్ద విలువ లేదు, అప్పుడు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీని చూసే ఐజీఎం అడగాలి. స్క్రబ్ ఐజీఎం ఎలైజా మొదటి వారం చివరకు గానీ పాజిటివ్ కాదు. మూడో రోజు నెగెటివ్ వచ్చిందని డాక్సీ (స్క్రబ్ టైఫస్‌కు ఇచ్చే డాక్సీసైక్లిన్) ఆపడం పెద్ద పొరపాటు. లెప్టో ఐజీఎం కూడా అంతే. ఇంకో చిక్కు, ఈ ఐజీఎంలు జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి రక్తంలో ఉంటాయి. పాజిటివ్ కాగితం నిరుటి జబ్బు గురించి చెబుతుండొచ్చు.

బ్లడ్ కల్చర్ యాంటీబయాటిక్‌కు ముందే, రెండు చోట్ల నుంచి, సీసాకు 8 నుంచి 10 మి.లీ. తియ్యాలి. మూడు మి.లీ. తీసి పంపిన కల్చర్ నెగెటివ్ వస్తే ఆ నెగెటివ్‌ను నమ్మలేం.

మలేరియాకు ర్యాపిడ్ టెస్టు, దళసరి పలచన స్మియర్లు రెండూ పంపండి. ర్యాపిడ్ టెస్టు ఇరవై నిమిషాల్లో వస్తుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది మైక్రోస్కోపుతోనే. ఇవాళ్టికీ ఏ రకం, ఎంత శాతం అని చెప్పేది ఆ స్లైడే. ఒక స్లైడు నెగెటివ్ అయినా అనుమానం బలంగా ఉంటే 12 నుంచి 24 గంటల తేడాతో ఇంకో రెండు చూడాలి.

ఇక వైడాల్. దీని మీద కోపం కాదు, బాధ. ఎంతమంది చేతుల్లో ఆ కాగితం చూశానో చెప్పలేను. లెక్క చూడండి. అంకెలు నేను లెక్క కోసమే అనుకున్నవి. జ్వరంతో వచ్చిన 1,000 మందిలో 50 మందికి టైఫాయిడ్ ఉందనుకుందాం. పరీక్ష జబ్బున్న 100 మందిలో 70 మందిని పడుతుందని, జబ్బులేని 100 మందిలో 20 మందికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుందని అనుకుందాం. జబ్బున్న 50 మందిలో పాజిటివ్ వచ్చేది 35 మందికి. జబ్బులేని 950 మందిలో 190 మందికి. మొత్తం 225 పాజిటివ్ కాగితాల్లో నిజమైనవి 35. ఆరు కాగితాల్లో ఒకటి కూడా పూర్తిగా రాలేదు. పరీక్ష చెడ్డదైనా మంచిదైనా, అడిగే ముందు మీ మనసులో ఉన్న అనుమానం ఎంత బలమైనదన్న దాన్ని బట్టే పాజిటివ్‌కు అర్థం. ఒకేసారి "ఫీవర్ ప్రొఫైల్" పేరుతో పది పరీక్షలు రాస్తే ఏదో ఒకటి ఊరికే పాజిటివ్ అవుతుంది, దాని వెంట మనం పరుగెడతాం. రాసే ప్రతి పరీక్షకూ ఒక మాట అడుక్కోండి: ఇది పాజిటివ్ వస్తే ఏం చేస్తాను, నెగెటివ్ వస్తే ఏం చేస్తాను? రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ పరీక్ష డబ్బు కూలిమనిషి జేబులోనే ఉండనివ్వండి.

7. ఎంత నమ్మకం కుదిరితే మందు మొదలుపెట్టాలి?

1980లో స్టీఫెన్ పాకర్, జెరోమ్ కసిరర్ అనే అమెరికా వైద్యులు దీన్ని లెక్కగా రాశారు. అనుమానం ఒక గీత కింద ఉంటే పరీక్షా వద్దు, మందూ వద్దు. ఇంకో గీత పైన ఉంటే పరీక్ష కోసం ఆగకుండా మందు ఇచ్చెయ్యాలి. రెండు గీతల మధ్య ఉంటేనే పరీక్ష. పై గీత ఎక్కడుండాలన్నది మందు వల్ల వచ్చే నష్టం, మందు ఇవ్వకపోతే వచ్చే నష్టం కలిసి నిర్ణయిస్తాయి.

డాక్సీసైక్లిన్ చవక, హాని తక్కువ. స్క్రబ్ టైఫస్‌కు ఆలస్యంగా ఇస్తే మనిషి వెంటిలేటర్ దాకా పోవచ్చు. కాబట్టి డాక్సీ గీత చాలా కిందికి ఉండాలి. వానాకాలంలో, పల్లె నుంచి, అయిదు రోజులు దాటిన జ్వరంతో ఏ అవయవమైనా దెబ్బతిన్న గుర్తుతో వస్తే, ఎస్కార్ లేకున్నా, రిపోర్టు రాకున్నా ఇస్తాను. మలేరియా విషయం వేరు, ఇరవై నిమిషాల్లో పరీక్ష వస్తుంది కాబట్టి పరీక్ష చేసి ఇవ్వాలి. స్పృహ తప్పిన తీవ్ర మలేరియా అనుమానమైతే ఆగకుండా ఆర్టిసునేట్ కిలోకు 2.4 మి.గ్రా. సిరలోకి, 0, 12, 24 గంటలకు, ఆ తర్వాత రోజుకొకటి.

జబ్బు ముదిరి, ఏదో తేలని మనిషికి నేను మొదలుపెట్టేది సెఫ్ట్రయాక్సోన్ 2 గ్రాములు, దానికి తోడు డాక్సీ. సెఫ్ట్రయాక్సోన్ టైఫాయిడ్‌కు, లెప్టోకు, చాలా న్యుమోనియాలకు పనిచేస్తుంది, స్క్రబ్ టైఫస్‌కు అస్సలు పనిచెయ్యదు. ఆమె మూడు రోజుల ఇంజెక్షన్ తర్వాత కూడా దిగజారడానికి కారణం అదే.

తేలికపాటి స్క్రబ్ టైఫస్‌కు డాక్సీ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 7 రోజులు. గర్భిణి అయితే అజిత్రోమైసిన్. ఊపిరితిత్తులో కిడ్నీలో మెదడో దెబ్బతిన్న తీవ్ర జబ్బుకు రెండూ కలిపి సిరలోకి ఇవ్వడం మేలని మన దేశంలోనే 794 మంది మీద జరిగి 2023లో వెలువడిన పరిశోధన చూపించింది. మరణం, ఏడో రోజుకూ తగ్గని అవయవ నష్టం, అయిదో రోజు దాటినా ఆగని జ్వరం వంటివి కలిపి చూస్తే రెండు మందులు కలిపి తీసుకున్నవాళ్ళలో 33 శాతం, డాక్సీ ఒక్కటే అయితే 47, అజిత్రో ఒక్కటే అయితే 48. ఆమెకు రెండూ ఇచ్చాం. డాక్సీ ఇంజెక్షన్ దొరకని చోట క్యాప్సూల్‌తోనైనా ఆ రాత్రే మొదలుపెట్టాలి, పొద్దుటిదాకా ఆగకూడదు. క్యాప్సూల్‌ను గ్లాసుడు నీళ్ళతో మింగి అరగంట పడుకోకుండా కూర్చోమనండి, లేకపోతే అది అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది.

8. సెలైన్, ప్లేట్‌లెట్లు

సెలైన్ కూడా మందే, దానికీ డోసు ఉంది. స్క్రబ్ టైఫస్‌లో, డెంగీలో రక్తనాళాలు కారుతుంటాయి, గబగబా ఎక్కించిన సీసాలు ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ప్రమాద సూచనలున్న డెంగీకి తొలి గంటా రెండు గంటలు కిలోకు 5 నుంచి 7 మి.లీ. చొప్పున, అంటే 60 కిలోల మనిషికి గంటకు 300 నుంచి 420 మి.లీ. ఆపైన 3 నుంచి 5కు, తర్వాత 2 నుంచి 3కు తగ్గించుకుంటూ రావాలి, ప్రతి మెట్టు దగ్గరా పల్స్ ప్రెషర్, మూత్రం, హెమటోక్రిట్ చూస్తూ. పై బీపీకీ కింది బీపీకీ తేడా 20కి దిగితే పై అంకె ఎంత బాగున్నా అది షాకే. కారడం ఆగాక సెలైన్ కూడా ఆపాలి. ఆమెకు 250 మి.లీ. ఇచ్చి మళ్ళీ ఊపిరితిత్తులు విన్నాం. గరగరలు పెరిగాయి. సెలైన్ ఆపి ఆక్సిజన్ పెంచాం.

ప్లేట్‌లెట్ల విషయంలో ఇంటివాళ్ళ ఒత్తిడి భరించలేనంత ఉంటుంది. రక్తస్రావం లేని డెంగీ పెద్దవాళ్ళలో 20,000 కన్నా దిగినా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల రక్తస్రావం తగ్గలేదని, పైగా ప్రతికూల ప్రభావాలు ఎక్కువయ్యాయని సింగపూర్, మలేషియాల్లో జరిగి 2017లో వచ్చిన పరిశోధన తేల్చింది. రక్తస్రావం ఉంటేనో, 10,000 కన్నా దిగితేనో ఆలోచించండి. కొడుకుతో ఇలా చెప్పాం: "బాబూ, అమ్మకి ప్లేట్‌లెట్లు తగ్గడం జబ్బు వల్ల. జబ్బుకి మందు పడితే అవే పెరుగుతాయి. రక్తం ఎక్కడ కారినా ఎక్కిస్తాం, అందుకు సిద్ధంగా ఉన్నాం. ఇప్పుడు నేను చూస్తున్నది అమ్మ ఊపిరి." బొప్పాయి ఆకు రసం గురించి అడిగితే వాంతులవుతున్న మనిషికి వద్దని చెప్పాం, కొబ్బరినీళ్ళు, ఓఆర్‌ఎస్, గంజి పట్టమన్నాం. పారాసిటమాల్ చాలు, డైక్లోఫెనాక్ మళ్ళీ ఇవ్వొద్దని స్ట్రిప్పు తీసి పక్కన పెట్టాం.

9. గడువు పెట్టి రాయండి

రాత్రి రెండింటికి కేస్ షీట్లో ఉన్నది ఇది: "6వ రోజు. తీవ్ర స్క్రబ్ టైఫస్ అనుకుంటున్నాం, ఎస్కార్ ఉంది. అతకనిది: ఏమీ లేదు, కానీ న్యుమోనియాను కొట్టెయ్యలేదు. డాక్సీ, అజిత్రో, సెఫ్ట్రయాక్సోన్ మొదలు. మలేరియా ర్యాపిడ్ నెగెటివ్, రెండో స్మియర్ పొద్దున. శ్వాస గంటకోసారి. శ్వాస 35 దాటినా, ఆక్సిజన్‌తో శాచురేషన్ 90 కన్నా దిగినా ఐసీయూకి ఫోన్. 48 గంటలకు, అంటే ఆదివారం రాత్రికి, జ్వరం దిగకపోతే మొత్తం మళ్ళీ ఆలోచించాలి."

గడువు ఎందుకంటే ఒక్కో జబ్బు ఒక్కో వేగంతో లొంగుతుంది. డాక్సీ పడ్డ స్క్రబ్ టైఫస్‌లో చాలామందికి 48 గంటల్లో జ్వరం దిగుతుంది. టైఫాయిడ్‌లో సరైన మందు పడినా నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం. మూడో రోజు జ్వరం ఉందని సెఫ్ట్రయాక్సోన్ తీసి ఇంకా బలమైన మెరోపెనెమ్ రాసే తొందర చాలా వార్డుల్లో ఉంది. మనిషి తింటున్నాడా, పల్స్ తగ్గిందా, జ్వరం ఎక్కే ఎత్తు తగ్గిందా అన్నవి ముందు చూడండి.

గడువు దాటినా లొంగకపోతే కొత్త యాంటీబయాటిక్ రాసే ముందు మనిషిని మళ్ళీ మొదటి నుంచి చూడాలి. అనుకున్న జబ్బు తప్పా? రెండు జబ్బులున్నాయా? ఎక్కడైనా చీము గడ్డ ఉందా? క్యాన్యులా పెట్టిన చోట వాచిందా? మందు వల్లే జ్వరమా? కణాలన్నీ పడిపోతూ ఫెర్రిటిన్ బాగా పెరిగితే హెచ్‌ఎల్‌హెచ్ (రోగనిరోధక కణాలు అదుపు తప్పి ఒంటినే దెబ్బతీసే జబ్బు)? హెచ్ఐవీ పరీక్ష చేశామా? కొత్త డ్యూటీ డాక్టరుకు కేసు అప్పగించేటప్పుడు "స్క్రబ్ కేసు" అని కాకుండా, "6వ రోజు జ్వరం, స్క్రబ్ అనుకుంటున్నాం, ఇందుకు" అని చెబితే అతను తాజా కళ్ళతో చూస్తాడు.

జబ్బు తేలాక అనవసరమైన మందు ఆపడమూ ఈ మెట్టులోదే. ఆమెకు రెండు కల్చర్లూ 48 గంటలకు నెగెటివ్ రాగానే, జ్వరం కూడా దిగి ఉండటంతో, సెఫ్ట్రయాక్సోన్ తీసేశాం.

10. పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే, ఇంటికి పంపేటప్పుడు

మీ దగ్గర ఆక్సిజన్, ఐసీయూ లేకపోతే శ్వాస 30 దాటిన మనిషిని, షాక్ ఉన్న మనిషిని, స్పృహలో తేడా ఉన్న మనిషిని, మూత్రం ఆగిన మనిషిని ఉంచుకోకండి. పంపే ముందు తొలి డోసు ఇచ్చెయ్యండి. 108 వచ్చేలోపు చీటీ మీద ఈ నాలుగూ రాయండి: జ్వరం ఎన్నో రోజు, ఇచ్చిన మందు ఏ గంటకు, ఎన్ని మి.లీ. సెలైన్, తీసిన కల్చర్ ఎక్కడుంది. అవతల అందుకునే డాక్టరుకు ఈ నాలుగు ముక్కలు అరగంట ఆదా చేస్తాయి.

ఇంటికి పంపేది డెంగీ మనిషినైతే పారాసిటమాల్ లేకుండా రెండు రోజులు జ్వరం రాకూడదు, తినాలి, మూత్రం బాగా రావాలి, ప్లేట్‌లెట్లు పెరుగుతుండాలి. వైవాక్స్ మలేరియాకు 14 రోజుల ప్రైమాక్విన్ పూర్తి చెయ్యాలని, లేకపోతే కాలేయంలో దాగినది మళ్ళీ లేస్తుందని చెప్పాలి, ఇచ్చే ముందు జీ6పీడీ ఎంజైము లోపం ఉందేమో చూడాలి.

ఆమెకు ఆదివారం సాయంత్రానికి జ్వరం దిగింది. సోమవారం శ్వాస 20. క్రియాటినిన్ గురువారానికి మామూలైంది. స్క్రబ్ ఐజీఎం పాజిటివ్ కాగితం మంగళవారం వచ్చింది. అప్పటికి ఆమె మంచం మీద కూర్చుని సొంత చేత్తో అన్నం కలుపుకుంటోంది. డిశ్చార్జి కాగితం మీద మందు ఏ తేదీతో ఆగుతుందో, ఏ రోజు చూపించుకోవాలో రాసి, కొడుకు చేత రెండుసార్లు చదివించాం. కల్చర్ల ఆఖరి రిపోర్టులు మనిషి వెళ్ళాక వస్తుంటాయి. వాటి కోసం వార్డులో ఒక పొడవాటి నోట్‌బుక్ పెట్టుకున్నాం: పేరు, ఫోన్ నంబరు, పంపిన పరీక్ష, రావాల్సిన తేదీ. శనివారం డ్యూటీ ఎవరిదైతే వాళ్ళు ఆ వారం పేజీ తెరిచి, వచ్చిన రిపోర్టుల్లో మందు మార్చాల్సినవి ఉంటే ఆ ఇంటికి ఫోన్ చేస్తారు.